కండె నిండితే బొమ్మ

పెదన నుంచి బెజవాడకు కాపురానికి వచ్చేటప్పుడు శివపార్వతి పెట్టెలో చీరల అడుగున బొమ్మల పుస్తకాలు దాచుకుని వచ్చింది. కొత్తకోడలి పెట్టెలో ఏముందో చూడాలని ఆడబిడ్డలకు ఎక్కడైనా ఉబలాటమే. వాళ్లు అడుగుదాకా వెతికి, అట్టమీద నక్క బొమ్మ ఉన్న పుస్తకాన్ని పైకి తీసి, "ఇదేంటి వదినా, పిల్లలు పుట్టకముందే వాళ్ల సరంజామా తెచ్చావు?" అని పకపకా నవ్వారు. వాళ్లతోపాటు శివపార్వతీ నవ్వింది. థర్డు ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి దాకా చదివిన పిల్ల. బట్టల మూటతో ఊళ్లు తిరిగే తండ్రి, ఇంటికి వచ్చినప్పుడల్లా మిఠాయి పొట్లం బదులు ఏదో ఒక పుస్తకం తెచ్చి ఇచ్చి ఆమెను పాడుచేశాడు. పాడుచేశాడన్నది లోకం మాట కాదు, అత్తగారు ఆదెమ్మ మాట.

ఆదెమ్మ చెడ్డ మనిషి కాదు. కాకపోతే ఆవిడ కళ్లకు నూలు తప్ప మరొకటి ఆనేది కాదు. ఆమె కొడుకులు ఇద్దరూ, పెద్దవాడు పాండురంగయ్య, చిన్నవాడు వెంకటప్పయ్య, కొత్తపేట వెనక వీధిలోని ఆ పెంకుటింట్లో చెరొక మగ్గం మీదా నేసేవారు. యుద్ధం రోజులు. నూలు మీద కంట్రోలు వచ్చిపడింది. ఇప్పుడు వన్ టౌన్ అంటున్నారే, ఆ ఇరుకు వీధుల్లో బట్టల కొట్టు పెట్టుకున్న షావుకారు రామకోటేశ్వరరావు ఇస్తేనే ఇంటికి నూలు, ఆయనకు నేసిన చీర నచ్చితేనే మళ్లీ నూలు. అందుకని ఆదెమ్మ పొద్దున లేవగానే దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ తరవాత మగ్గాల కింద పడిన దారప్పోగులు ఏరేది. జానెడు పోగును కూడా వేలికి చుట్టి కొంగున ముడేసుకునేది. దాంతో ఏం చేసేదో ఎవరికీ తెలియదు, అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు.

ఆ ఇంటి వసారా వెడల్పు. మధ్యాహ్నం బడి వదిలాక ఆ వీధిలోని నేతగాళ్ల పిల్లలందరూ తమ తమ రాట్నాలు తెచ్చుకుని అక్కడ చేరేవారు. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టడానికి, చిన్న గొట్టాల మీద నూలు ఎక్కించి కండెలు చుట్టడం పిల్లల పని. ఒక చేత్తో రాట్నం తిప్పుతూ, రెండో చేతి వేళ్ల మధ్య నూలుపోగును నొక్కిపట్టి వదులుతుంటే, పోగు బిగువుగా కండె మీదికి ఎక్కుతుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం కళ్లు పోగు మీదే ఉండాలి, వేళ్లు పట్టు వదలకూడదు. పెద్దపిల్లలు ఈ పని చేస్తుంటే, వాళ్ల వెంట వచ్చిన చంటివాళ్లు ఊరికే ఉంటారా? చిలపలుగా కట్టిన నూలు చుట్టల్లో చేతులు పెట్టి చిక్కులు వేసేవారు, రాట్నాల చక్రాల్లో పుల్లలు దోపేవారు. అందరిలోకీ గడుగ్గాయి పాండురంగయ్య కొడుకు చౌడయ్య. వాడికి నాలుగేళ్లు. వాడు ఎటు పోతే అటు ఆదెమ్మ కేకలు వినబడేవి.

ఈ గోల భరించలేక శివపార్వతి ఒకనాడు తన నక్క పుస్తకం తెచ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టింది. చంటివాళ్లు ఈగ వాలినా కదలకుండా కూర్చున్నారు. పెద్దపిల్లలు రాట్నం తిప్పుతూ చెవులు ఇటు వేశారు. వసారా చల్లబడింది.

"ఇదేదో బానే ఉంది" అంది ఆదెమ్మ. ఆవిడ నోట ఆ మాత్రం మాట రావడం సన్మానంతో సమానం.

అక్కడి నుంచి రోజూ చదువే. తెచ్చుకున్న పుస్తకాలు నాలుగు రోజుల్లో పాతబడ్డాయి. వెంకటప్పయ్యకు భార్య మీద వల్లమాలిన ప్రేమ. అది పైకి కనబడితే ఎక్కడ నలుగురూ నవ్వుతారోనని, చీరలు ఇచ్చిరావడానికి షావుకారు కొట్టుకు వెళ్లేటప్పుడు భార్యను కాస్త వెనకగా నడవమని, కాలవ పక్కనున్న పఠనమందిరానికి తీసుకువెళ్లేవాడు. దాన్ని చూసుకునే తిరుపతిరావుగారు జీతం లేని మనిషి. పుస్తకం అంటే ప్రాణం పెట్టేవాడు. యుద్ధంలో కాగితం కరువై కొత్త పుస్తకాలు రావడం మానేసినా, ఉన్న బొమ్మల పుస్తకాలను మైదాపిండి జిగురుతో అతికించి, అట్టలు వేసి అట్టిపెట్టాడు.

పుస్తకం ఎంచుకోవడం ఎంత కష్టమో శివపార్వతికి అక్కడే తెలిసింది. చంటివాళ్ల కోసమని ఏనుగులు, చిలకలు ఉన్న పుస్తకం తీసుకువెళితే పదేళ్ల కోటిలింగం, "ఇది పాలుతాగే పిల్లల కథ" అని మూతి తిప్పేవాడు. పోనీ వాడి కోసం రాజుల కథ తీసుకువెళితే చౌడయ్య రాజును వదిలేసి నూలు చిలపల మీదికి దండెత్తేవాడు. పన్నెండేళ్లు నిండిన రాజ్యలక్ష్మికి రెండూ నచ్చేవి, కానీ నచ్చాయని చెప్పడానికి సిగ్గుపడేది. చివరికి అందరికీ నచ్చేది ఒకటే కనబడింది. పెద్ద బొమ్మ. అరచేయంత అక్షరాలు, పేజీ నిండా రంగులు, దూరం నుంచి కూడా కనబడే బొమ్మ. అలాంటివే ఏరి ఏరి తెచ్చింది.

తెస్తే ఏమైంది? బొమ్మ చూపించగానే రాట్నాలన్నీ ఆగిపోయేవి. అందరూ ఒకరి మీద ఒకరు పడి, ఒకడి మోచేయి ఇంకొకడి కంట్లో పొడిచి, మళ్లీ ఎవరి చోటికి వాళ్లు చేరేసరికి సగం మధ్యాహ్నం గడిచిపోయేది. మగ్గం దగ్గర నుంచి పాండురంగయ్య, "కండెలేవర్రా?" అని అరిచేవాడు. ఆదెమ్మ కోడలి వంక చూసేది.

అప్పుడు శివపార్వతి తన తెలివినంతా ఉపయోగించి ఒక నియమం పెట్టింది. కథ అందరికీ చదువుతుంది. బొమ్మ మాత్రం ఎవరి కండె నిండితే వాళ్లే లేచివచ్చి చూడాలి. కండె నిండితే బొమ్మ. పిల్లలు ఒప్పుకున్నారు. రాట్నాలు గిర్రున తిరిగాయి. ఎన్నడూ లేనన్ని కండెలు చాటలో కుప్పపడ్డాయి. వెంకటప్పయ్య భోజనాల దగ్గర, "మా ఇంట్లో మిల్లు పెట్టాం" అని అన్నతో గొప్పలు పోయాడు. ఆదెమ్మ కూడా కోడలి విస్తట్లో ఇంకాస్త పప్పు వేసింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు. కండె తొందరగా నిండాలంటే ఏం చెయ్యాలో పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. పోగును వేళ్లతో నొక్కిపట్టకుండా వదిలేస్తే చాలు, నూలు పొంగినట్టు లావుగా చుట్టుకుని చూస్తుండగానే కండె నిండుతుంది. అది మోసమని కూడా వాళ్లకు తోచలేదు. నిండిందా లేదా, అంతే. అలాంటి వదులు కండె నాడెలోకి ఎక్కితే నూలు పోగుపోగుగా రాదు, చుట్టలు చుట్టలుగా జారివస్తుంది. ఒకనాడు పాండురంగయ్య మగ్గం మీద చీర మధ్యలో అలా జారిన పేక ఉండలు కట్టి, నిలువునా ఉన్న పడుగుతో మెలిపడింది. విడదీయబోతే పడుగు తెగింది. అతికించి, లాగి, ఎలాగో చీర పూర్తిచేసి పంపితే, షావుకారు రామకోటేశ్వరరావు దాన్ని వెలుగుకు ఎత్తిపట్టి చూసి మడిచి వెనక్కి ఇచ్చేశాడు.

"ఇంకోటి ఇట్టాంటిది వచ్చిందంటే నూలు వేరే మగ్గాలకు ఇవ్వాల్సి వస్తుందయ్యా. నాకూ లెక్క చెప్పాల్సినవాళ్లున్నారు" అన్నాడు.

అసలే నూలు కరువు, ఆపైన ఈ మాట. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ సాయంత్రం ఆదెమ్మ చాట ముందేసుకుని కండెలన్నీ ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూసింది. దూదిలా లోపలికి పోయినవన్నీ ఒక పక్కన పెట్టింది. ఆ పక్కే పెద్ద కుప్ప అయింది. పిల్లల్ని కొట్టలేదు, తిట్టలేదు. కోడలి గదిలోకి వెళ్లి, పుస్తకాలన్నీ కొంగులో పోసుకుని తెచ్చి, నిచ్చెన వేసి అటక మీద పెట్టి, నిచ్చెన తీసేసింది.

"అత్తయ్యా, తప్పు నాది. పిల్లలది కాదు, పుస్తకాలదీ కాదు" అంది శివపార్వతి.

"తప్పెవరిదైతే ఏంటమ్మా. నూలు పోయింది. ఉన్న రెండు మగ్గాలూ మూలపడితే నీ కథలు తిని బతుకుతామా?"

శివపార్వతి వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. పుస్తకాలు పోయాయని మాత్రమే కాదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్నవాటిలో ఈ ఇంటికి పనికొచ్చిందని అనుకున్నది అదొక్కటే. అదే ఇంటి మీదికి ముప్పు తెచ్చింది.

తరవాతి రోజుల్లో వసారాలో రాట్నాల చప్పుడు తప్ప మరొకటి లేదు. కండెలు బిగువుగా వచ్చేవి. చంటివాళ్లు మళ్లీ చిలపల మీద పడేవారు, ఆదెమ్మ మళ్లీ కేకలు వేసేది. శివపార్వతి వంటింట్లో నుంచి బయటికి రావడమే తగ్గించుకుంది. వెంకటప్పయ్య ఆమెను నవ్వించబోయి, చేతకాక, తానే మొహం వేలాడేసుకుని తిరిగేవాడు.

అలాంటి ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతున్న శివపార్వతికి వసారాలో చౌడయ్య గొంతు వినబడింది. వాడి చేతిలో పుస్తకం లేదు. ఒళ్లో పీట పెట్టుకుని, దాని మీద పేజీలు తిప్పుతున్నట్టు చెయ్యి ఊపుతూ చదువుతున్నాడు.

"ఇక్కడ నక్క ఉంది. నక్క తోక ఇట్టా ఉంది. ఆ వెనకాల చెట్టు ఉంది. చెట్టు మీద కాకి ఉంది, దాన్ని నక్క చూడలేదు."

"కాకి ఉందా? నేను చూళ్లేదే" అంది రాజ్యలక్ష్మి.

"ఉంది. నేను చూశా."

"ఏం చేత్తంది కాకి?" అన్నాడు కోటిలింగం. పాలుతాగే పిల్లల కథ అన్నవాడే.

శివపార్వతి చాటతో సహా గుమ్మం దగ్గరకు వచ్చింది. రాజ్యలక్ష్మి కళ్లు పోగు మీదే ఉన్నాయి. కోటిలింగం రాట్నం ఆగలేదు. పెద్దవాళ్లిద్దరి చెవులూ ఆ నాలుగేళ్లవాడి నోటి దగ్గర ఉన్నాయి. ఆ నాలుగేళ్లవాడేమో చిలపల సంగతే మరిచిపోయి, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా, పీటలోకి చూస్తూ చెబుతున్నాడు.

ఇన్నాళ్లూ తాను బొమ్మను ఎవరికి చూపించాలా అని తన్నుకుంది. చేతులు ఖాళీ లేనివాళ్లకు బొమ్మ చూపించబోయింది, చేతులు ఖాళీగా ఉన్నవాళ్లకు మాటలు వినమంది. తిరగేసి పెట్టిన గోలెంలో నీళ్లు పోసినట్టు అయింది తన పని. బొమ్మ చంటివాళ్ల ఒళ్లో ఉండాలి. వాళ్లు చూసి చెప్పాలి, పెద్దవాళ్లు వినాలి. అయితే దానికి అందరూ ఎన్నోసార్లు విన్న నక్క పుస్తకం చాలదు.

ఆ రాత్రే మొగుణ్ణి బతిమాలుకుని మర్నాడు పఠనమందిరానికి వెళ్లింది. ఈసారి దూరం నుంచి కనబడే పెద్ద బొమ్మల జోలికి పోలేదు. ఒక్కొక్క పుస్తకం తీసి, అరచేత్తో అక్షరాలు మూసి బొమ్మ చూసింది. తరవాత బొమ్మ మూసి అక్షరాలు చదివింది. రెండూ ఒకటే చెబితే పక్కన పెట్టేసింది. పక్కన పెట్టినవి గుట్ట అవుతుంటే తిరుపతిరావుగారు కళ్లజోడు సవరించుకుని దగ్గరకు వచ్చాడు.

"అదేంటమ్మా, అంత మంచి పుస్తకాన్ని తీసేశావు? మాటా బొమ్మా చక్కగా కలిశాయే."

"కలిశాయండి. కానీ ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు. పులి వచ్చింది అని రాసి, పులినే వేశారు. ఇక మా చౌడయ్య చెప్పడానికి ఏముందండి?"

తిరుపతిరావుగారికి చౌడయ్య ఎవరో తెలియదు. అయినా ఆలోచించి, లోపలి బీరువాలో నుంచి అట్ట ఊడిపోయిన ఒక సన్నటి పుస్తకం తెచ్చాడు. సంతకు వెళ్లిన ఒక పిల్ల కథ. పేజీకి రెండే వాక్యాలు. బొమ్మల్లో మాత్రం సంతంతా ఉంది. బళ్లు, గంపలు, గాజుల దుకాణాలు, కోతులాడించేవాడు, బేరాల దగ్గర కొట్టుకునేవాళ్లు. దూరం నుంచి చూస్తే చీమల బారులా తప్ప కనబడదని ఎవరూ తీసుకువెళ్లరని చెప్పాడు. శివపార్వతి ఒక పేజీ దగ్గర ఆగింది. "బుజ్జి ఇటు చూసింది, అటు చూసింది, అమ్మ లేదు" అని రాసి ఉంది. బొమ్మలో అమ్మ ఉంది. గాజుల దుకాణం వెనకాల, జనం మధ్య, ఇంకో వైపు తిరిగి వెతుక్కుంటోంది.

"ఇది ఇవ్వండి" అంది శివపార్వతి.

ఇంటికి వచ్చి ఆ పుస్తకాన్ని అత్తగారి ముందు పెట్టింది. ఒక్క మధ్యాహ్నం చదవనివ్వమంది. కండె నిండితే బొమ్మ అనే మాట ఇక ఉండదని, ఒక్క వదులు కండె వచ్చినా ఈ పుస్తకాన్ని కూడా అటకెక్కించి, ఇంకెప్పుడూ అడగనని చెప్పింది. ఆదెమ్మ కోడలి మొహం, పుస్తకం, మళ్లీ కోడలి మొహం చూసింది.

"ఒక్క మధ్యాహ్నం. నేనిక్కడే కూర్చుంటా" అంది.

అన్నట్టే వసారా మధ్యలో పీట వేసుకుని, పుస్తకానికి వీపు పెట్టి, రాట్నాలకు ఎదురుగా కూర్చుంది. చౌడయ్య గోడకు ఆనుకుని కాళ్లు చాపుకున్నాడు. మిగతా చంటివాళ్లు వాడికి అటూ ఇటూ చేరారు. పుస్తకం వాడి ఒళ్లో పెట్టి, శివపార్వతి వెనక నుంచి వంగి చదివింది. ఒక పేజీ చదవడం, ఆగడం. అప్పుడు చంటివాళ్లు సంతలోకి దిగేవారు. ఇక్కడ ఒక ముసలాయన చెప్పు తెగింది. ఇక్కడ కోతి అరటిపండు దొంగిలించింది. నిండిన కండెను ఆదెమ్మ అందుకుని, బొటనవేలితో నొక్కి, చాటలో వేస్తోంది. ఏ కండే దూదిలా లోపలికి పోలేదు.

"బుజ్జి ఇటు చూసింది, అటు చూసింది, అమ్మ లేదు" అని చదివింది శివపార్వతి.

రాట్నాలు ఆగలేదు గానీ నెమ్మదించాయి. "అయ్యో, ఏదిరా వాళ్లమ్మ?" అంది రాజ్యలక్ష్మి, పోగు మీద నుంచి కళ్లు తిప్పకుండానే. తిప్పితే పోగు తెగుతుంది, తిప్పకపోతే గుండె ఆగేట్టు ఉంది.

చౌడయ్య పుస్తకం మీదికి వంగాడు. వేలు పెట్టి వెతికాడు. "ఉంది. గాజుల కొట్టు ఎనకాల ఉంది. కానీ అటు చూత్తంది."

"పిలవమను, గట్టిగా పిలవమను" అన్నాడు కోటిలింగం.

"బుజ్జి ఏడుత్తంది, ఇంకెట్టా పిలిచిద్ది?"

ఆదెమ్మ చేతిలో కండె ఉంది. నొక్కడం మరిచిపోయింది. "తిప్పవే పేజీ, ఎంతసేపు ఏడిపిస్తావ్ పసిదాన్ని" అంది కోడలితో.

శివపార్వతి తిప్పింది. ఇంకో పేజీలోనూ తల్లి ఇటు తిరగలేదు. ఎండ వసారా దిగి వీధిలోకి పోయింది. పక్కింటివాళ్లు పిల్లల్ని పిలిచారు, ఎవరూ కదలలేదు. మగ్గం గుంటలో నుంచి పాండురంగయ్య లేచివచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఏమైందని అడగబోయి, అతనూ విన్నాడు. ఆఖరి పేజీ. "అమ్మ బుజ్జిని ఎత్తుకుంది." అంతే రాసి ఉంది.

ఆదెమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఎప్పటి గొంతు తెచ్చుకుని, "సంతకొచ్చిన మనిషి ఏం కొనుక్కుందిరా ఇంతకీ? చేతిలో ఏముంది?" అని అడిగింది.

చౌడయ్య చాలాసేపు చూశాడు. "ఏం లేదు నాయనమ్మా. బుట్ట కింద పడిపోయింది. వంకాయలన్నీ దొర్లిపోయినయ్. ఆవు తింటంది. వాళ్లమ్మ చూట్టంలా."

శివపార్వతి వాడి భుజం మీదుగా వంగి చూసింది. నిజమే. పేజీ మూలన వంకాయలు, ఆవు. అరచేత్తో మూసి తెరిచి, ఎన్నిసార్లు చూసి ఎంచుకుందో ఆ పుస్తకాన్ని. అవి తనకు కనబడనే లేదు. సిగ్గు వేయాల్సిన చోట ఆమెకు సంతోషం వేసింది. ఆ ముక్కు కారే వెధవను ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

వంకాయలన్నీ ఆవు పాలైతే ఆదెమ్మ ఏమంటుందోనని పిల్లలు ఆవిడ వంకే చూశారు.

"పోతే పోనీలేరా" అంది. "పిల్ల దొరికిందిగా."

తరవాత లేచి, నడుం పట్టుకుని, చాట ఎత్తుకుని లోపలికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "పార్వతీ, రేపు ఇంకాస్త పెందలాడే మొదలెట్టు. ఆఖర్న చీకటి పడి, వాడికి సరిగ్గా కనబడలా."